పన్ను ఒకటే, ధరలు మూడు: ఫిల్లింగ్ గురించి ఒక పాఠకురాలి సందేహాలు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా వయసు 38 ఏళ్ళు, ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాను. కుడివైపు కింది దవడ పన్ను ఒకటి పుచ్చింది. చల్లనీళ్ళు తాగినా, తీపి తిన్నా జివ్వుమంటోంది. మూడు చోట్ల చూపించుకున్నాను. ఒకరు 700 రూపాయలకు సిమెంటు పెడతామన్నారు, ఇంకొకరు 1,500 రూపాయలకు లైటు పెట్టే తెల్ల ఫిల్లింగ్ అన్నారు, మూడో చోట అదే తెల్ల ఫిల్లింగ్‌కు 2,500 అడిగారు. పైగా ఎడమవైపు పన్నులో పదహారేళ్ళ కిందట వేయించుకున్న వెండి ఫిల్లింగ్‌లో పాదరసం ఉంటుందనీ, దాన్ని కూడా తీయించెయ్యమనీ చెప్పారు. అప్పటి నుంచీ భయం పట్టుకుంది. మా పాపకు ఏడేళ్ళు, దాని పాలపన్ను కూడా నల్లబడింది. ఎలాగూ ఊడిపోయే పన్నుకు డబ్బు పెట్టడం ఎందుకని మా అత్తగారు అంటున్నారు. ఇంతకూ ఎవరి మాట వినాలి? ప్రస్తుతానికి లవంగ నూనె అద్దుకుంటున్నాను, పరవాలేదా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మూడు ధరలూ స్పష్టంగా ఉన్నాయి గానీ, ఆ మూడు చోట్లా పన్నుకు ఎక్స్‌రే తీశారో లేదో మీరు రాయలేదు. నా దృష్టిలో ముందుగా తేలవలసింది అదే. పుచ్చు ఎంత లోతుకు దిగిందో చూడకుండా చెప్పిన ధర, ఇల్లు చూడకుండా మేస్త్రీ చెప్పిన మరమ్మతు అంచనా వంటిది. పైకి ఆవగింజంత నల్లచుక్కగా కనిపించే పుచ్చు లోపల శనగగింజంత డొల్లగా ఉండడం దంతవైద్యులం మేము తరచూ చూసే సంగతే. ఇక ఎక్స్‌రే అంటే భయపడనక్కరలేదు. డిజిటల్ పద్ధతిలో ఒక పన్నుకు తీసే చిన్న ఎక్స్‌రే వల్ల ఒంటికి తగిలే రేడియేషన్, నేల నుంచీ ఆకాశం నుంచీ మనకు ఒక్క రోజులో సహజంగా తగిలే దానిని మించదు.

పంటి పైపొర ఎనామెల్. మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే, దానిలో నరాలు లేవు. అందుకే పుచ్చు ఆ పొరలో ఉన్నంతకాలం నొప్పి తెలియదు. దాని కింద డెంటిన్ అనే పొరలో కంటికి కనిపించని సన్నని గొట్టాలు వేల సంఖ్యలో ఉంటాయి. పుచ్చు అక్కడికి దిగిన తరువాతే చల్లదనం, తీపి జివ్వుమనిపిస్తాయి. ఆ లోపల నరమూ రక్తనాళాలూ ఉండే మెత్తని గుజ్జు ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ పుచ్చు బహుశా రెండో పొర అయిన డెంటిన్‌దాకా దిగింది. అయితే ఒక్క విషయం మీరే గమనించుకోండి: చల్లనీళ్ళు మింగిన కొన్ని క్షణాలకే జివ్వుమనడం పోతే ఫిల్లింగ్‌తో సరిపోయే అవకాశం ఎక్కువ, అలా కాక పోటు నిమిషాల తరబడి నిలిచినా, వేడి కాఫీకి ఎక్కువైనా, ఏమీ తినకుండానే అర్ధరాత్రి నిద్రలేపినా పుచ్చు గుజ్జుదాకా చేరిందని అనుమానించాలి. అప్పుడు మీరు బేరం ఆడుతున్న మూడు ధరలూ పనికిరావు, పంటి లోపలి గుజ్జును తీసి శుభ్రం చేసి మూసే రూట్ కెనాల్ గురించి మాట్లాడవలసి వస్తుంది.

పంటికి పురుగు పట్టిందని మన పెద్దలు అంటుంటారు. పంటిలో పురుగు ఉండదు. నోటిలోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపినీ పిండినీ ఆమ్లంగా మార్చినప్పుడు, ఆ ఆమ్లం వల్ల ఎనామెల్‌లోని ఖనిజం కరిగిపోవడమే పుచ్చు. సంతల్లోనూ రోడ్ల పక్కనా దూది పెట్టి పంటిలోంచి పురుగులు తీసి చూపించేవారు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఆ పురుగు వారి చేతిలోంచి వచ్చినదే గానీ మన పంటిలోంచి వచ్చినది కాదు.

ఇక ధరల సంగతి. మీకు మూడు చోట్ల చెప్పినవి ఒకే పనికి మూడు ధరలని మీరు అనుకుంటున్నారు. నిజానికి అవి మూడు వేర్వేరు పనులు కావచ్చు. మొదటివారు చెప్పిన సిమెంటు చాలావరకు గ్లాస్ అయనోమర్ అయి ఉంటుంది. 1970ల తొలి రోజుల్లో విల్సన్, కెంట్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రవేత్తలు దీన్ని లోకానికి పరిచయం చేశారు. దీనిలో రెండు మంచి గుణాలున్నాయి. ఇది పంటికి రసాయనికంగా తనంతట తానే అంటుకుంటుంది, పెట్టిన తరువాత కూడా కొద్దికొద్దిగా ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తూ ఉంటుంది. కాస్త తడి ఉన్నా సర్దుకుపోతుంది. కానీ నమిలే ఒత్తిడికి త్వరగా అరుగుతుంది, అంచులు విరుగుతాయి. చిగురు దగ్గర పడిన గాట్లకు, పాలపళ్ళకు, లోతైన పుచ్చులో అడుగుపొరగా ఇది చక్కని వస్తువు. రోజుకు మూడు పూటలా అన్నం నమిలే పెద్ద దవడ పంటి మీద ఏళ్ళ తరబడి నిలవమంటే మాత్రం దాని శక్తికి మించిన పని.

రెండోవారూ మూడోవారూ చెప్పిన తెల్ల ఫిల్లింగ్‌ను కాంపోజిట్ అంటారు. సన్నని గాజు రేణువులు కలిపిన రెసిన్ ఇది. దీనికి పునాది వేసినది 1962లో బోవెన్ అనే అమెరికన్ దంతవైద్యుడు రూపొందించిన రెసిన్. పుచ్చును తొలిచి, పంటిని ఒక ఆమ్లపు జెల్‌తో కొన్ని క్షణాలు గరుకు చేసి, కడిగి ఆరబెట్టి, జిగురు పూసి, ఆపైన సుమారు రెండు మిల్లీమీటర్ల మందాన ఒక్కొక్క పొరా వేస్తూ, ప్రతి పొరనూ నీలికాంతి కింద ఇరవై సెకన్ల పాటో ఇంకొంచెం ఎక్కువో గట్టిపరచాలి. ఒకేసారి ముద్దగా కూరి పైన లైటు పెడితే అడుగు భాగం పచ్చిగానే ఉండిపోతుంది. గట్టిపడేటప్పుడు ఈ పదార్థం కొద్దిగా కుంచించుకుపోతుంది కూడా, పొరలుగా వేయడానికి అదీ ఒక కారణం. అన్నిటికన్నా ముఖ్యం తడి తగలకపోవడం. ఉమ్మి గానీ చిగురు రక్తం గానీ ఒక్క చుక్క చేరినా జిగురు పట్టదు, ఏడాది తిరగకుండానే అంచు వెంట మళ్ళీ పుచ్చు మొదలవుతుంది. అందుకే జాగ్రత్తగా చేసేవారు పన్ను ఒక్కటే పైకి కనిపించేలా పలుచని రబ్బరు పొర బిగిస్తారు. కాబట్టి తెల్ల ఫిల్లింగ్‌కు మీరిచ్చే డబ్బులో పదార్థం ఖరీదు కన్నా డాక్టరు వెచ్చించే సమయం, పడే జాగ్రత్త ఖరీదు ఎక్కువ.

ఆ రెండు చోట్ల మధ్య ఉన్న వెయ్యి రూపాయల తేడా న్యాయమైనదా అంటే, అది మీ పుచ్చు ఎక్కడుందనే దాన్ని బట్టి ఉంటుంది. పంటి పైభాగంలో మాత్రమే గుంట ఉంటే పని సులువు. రెండు పళ్ళు ఒకదానికొకటి ఆనుకునే పక్కగోడ పోయి ఉంటే, సన్నని లోహపు పట్టీ చుట్టి, చీల బిగించి, ఆ గోడను పక్కపన్నుకు సరిగ్గా ఆనేలా మళ్ళీ కట్టాలి. అది సరిగ్గా కుదరకపోతే ఇకపై గోంగూర పీచు, మామిడిపండు పీచు, మాంసపు పోగు తిన్నప్పుడల్లా అక్కడే ఇరుక్కుంటాయి. భోజనం తరువాత పిన్నీసు వెతుక్కునే అలవాటు చాలామందికి ఇలాగే మొదలవుతుంది. 2,500 చెప్పినవారు ఈ పనిని చూసి చెప్పి ఉండవచ్చు, రబ్బరు పొర వాడే పద్ధతి వారికి ఉండి ఉండవచ్చు, లేదా ఆ భవనం అద్దె అంత ఉండి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను గానీ మీరు అడిగి తెలుసుకోవచ్చు. పుచ్చు పంటికి ఎన్ని వైపుల ఉంది, ఏ పదార్థం పెడతారు, తడి తగలకుండా ఏం చేస్తారు, ఎక్స్‌రే ఖర్చు ఇందులో కలిసి ఉందా, కొన్ని నెలల్లోనే ఊడితే మళ్ళీ డబ్బు తీసుకుంటారా అని అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట కన్నా ఎక్స్‌రే చేతికిచ్చి చూపించే చోటు మేలు. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక పుచ్చుకు చేసిన ఫిల్లింగ్ బిల్లులో జీఎస్టీ కలిపితే ఎందుకని అడిగే హక్కు మీకుంది. సాధారణ ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటికి ఇలాంటి పంటి వైద్యం వర్తించదు కాబట్టి, దాని మీద ఆశ పెట్టుకుని ఆలస్యం చేయకండి.

ఇన్ని చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి. పుచ్చు చిన్నదో మధ్యస్థమో అయి, చిగురు కిందికి దిగకుండా ఉంటే, మీ దవడ పంటికి తెల్ల ఫిల్లింగే తగినది. డబ్బు ఇబ్బందిగా ఉంటే 700 సిమెంటుతో సర్దుకోవడం కన్నా, బోధనాసుపత్రికి వెళ్ళి తెల్ల ఫిల్లింగే చేయించుకోవడం మంచిది. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. మీకు దగ్గరలో తక్కెళ్ళపాడులో సిబార్ దంత వైద్య కళాశాల ఉంది. ఇలాంటి చోట్ల ఫీజులు ప్రైవేటు క్లినిక్కులకన్నా తక్కువగా ఉంటాయి. విద్యార్థులు చేస్తారని చాలామంది వెనకాడతారు గానీ, అక్కడ ప్రతి దశనూ అధ్యాపకులు చూసి సరేనన్న తరువాతే పని ముందుకు సాగుతుంది. నష్టమల్లా సమయమే. బయట ముప్పావుగంటలో అయ్యే పనికి అక్కడ ఒక పూట పట్టవచ్చు, రెండుసార్లు తిరగవలసి రావచ్చు. బడి ఉన్న రోజుల్లో మీకది కష్టమని నాకు తెలుసు. ఎక్కడికి వెళ్ళినా, చేసేవారు కనీసం బీడీఎస్ (దంతవైద్య పట్టా) చదివి రాష్ట్ర దంత వైద్య మండలిలో నమోదైనవారా అన్నది మాత్రం చూసుకోండి. గోడ మీద ఆ ధ్రువపత్రం ఉండాలి.

ఇప్పుడు మిమ్మల్ని నిద్రపోనివ్వని పాదరసం మాట. వెండి ఫిల్లింగ్ అసలు పేరు అమాల్గం. దాని బరువులో సగం దాకా పాదరసమే, మిగిలింది వెండి, తగరం, రాగి. ఈ మాట నిజమే. కానీ గట్టిపడిన తరువాత ఆ పాదరసం మిగతా లోహాలతో కలిసి మిశ్రమలోహంగా బంధించబడి ఉంటుంది. నమిలేటప్పుడు అతి స్వల్పంగా ఆవిరి వెలువడుతుంది, నిద్రలో పళ్ళు కొరికే అలవాటున్నవారికి కొంచెం ఎక్కువ. జపానులో మినమాటా పట్టణ ప్రజలను కుంగదీసిన పాదరసం వేరు. అది ఫ్యాక్టరీ వ్యర్థాల నుంచి సముద్రంలోకి, చేపల్లోకి, వాటి ద్వారా మనుషుల్లోకి చేరిన మిథైల్ పాదరసం. ఆ ఊరి పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది, 2018లో భారతదేశం దానిని ఆమోదించింది. అమాల్గం వాడకాన్ని క్రమంగా తగ్గించాలన్నది అందులో ఒక అంశం. 2022లో ఆ ఒడంబడికలోని దేశాలు పాలపళ్ళకు, పదిహేనేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గం వాడకుండా చూడాలని తీర్మానించాయి. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి దాదాపు పూర్తిగా మానేసింది. దీని వెనక ప్రధానమైన ఆందోళన కాలువల్లోకీ నేలలోకీ చేరే పాదరసం గురించే.

ఇవన్నీ కొత్తగా పెట్టే ఫిల్లింగ్‌ల గురించి. ఇప్పటికే నోటిలో ఉన్నవాటి సంగతి వేరు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గర్భిణులు, చిన్నపిల్లలు, మూత్రపిండాల జబ్బులు, నరాల జబ్బులు ఉన్నవారు వంటి కొన్ని వర్గాలకు అమాల్గం వద్దని సూచిస్తూనే, బాగున్న పాత ఫిల్లింగ్‌లను వైద్యపరమైన అవసరం లేకుండా తీయవద్దని కూడా స్పష్టంగా చెప్పింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. దానిని తొలిచేటప్పుడే పాదరసపు ఆవిరి కాసేపు ఎక్కువగా వెలువడుతుంది, దానితోపాటు కొంత మంచి పన్ను కూడా పోతుంది. మీ ఎడమవైపు ఫిల్లింగ్ అంచులు గట్టిగా ఉండి, చుట్టూ పుచ్చు లేక, పన్ను బీటలివ్వక ఉంటే పదహారేళ్ళు మీకు సేవ చేసిన దానిని అలాగే వదిలేయండి. విరిగినా, అంచు కింద పుచ్చు పట్టినా అప్పుడు మార్పించుకోవచ్చు. ఆ పని చేసేటప్పుడు నీళ్ళు ధారగా పెట్టి, గట్టి సక్షన్‌తో పీలుస్తూ, పెద్ద ముక్కలుగా తీస్తారు. అన్నట్టు, చాక్లెట్ చుట్టిన రేకు పొరపాటున ఆ పంటితో కొరికితే షాకు కొట్టినట్టు అవుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఉమ్మిలో తగలడం వల్ల పుట్టే చిన్న కరెంటు అది, పాదరసానికీ దానికీ సంబంధం లేదు.

నొప్పి ఉంటుందా అని మీరు అడగలేదు గానీ అడగాలనిపించే ఉంటుంది. పైపుచ్చుకు మత్తు సూది కూడా అవసరం పడకపోవచ్చు, లోతుగా ఉంటే వేస్తారు. కింది దవడకు వేసిన మత్తు రెండు మూడు గంటలు ఉంటుంది. ఆ సమయంలో పెదవీ బుగ్గా కొరుక్కోకుండా చూసుకోండి, మత్తు దిగేదాకా ఏమీ తినకండి. బీపీ, షుగరు, గుండెజబ్బు, రక్తం పలచబరిచే మందులు, గర్భం, ఏదైనా మందు పడకపోవడం, వీటిలో ఏదున్నా కుర్చీలో కూర్చోకముందే చెప్పండి. సూది కొత్తది కావాలి. మిగతా పరికరాలు ఆటోక్లేవ్‌లో అధిక పీడనపు ఆవిరిలో శుద్ధిచేసిన కవరులోంచి మీ ఎదుట తీసినవై ఉండాలి. ఆ కవరు మీద రంగు మారే గుర్తు ఉంటుంది, చూపించమని అడగడం మర్యాద తప్పినట్టు కాదు. మా దగ్గరికి వచ్చేవారిలో అలా అడిగేవారు తక్కువ, అడిగినవారిని నేను మరింత గౌరవంగా చూస్తాను.

తెల్ల ఫిల్లింగ్ కాంతి కిందనే గట్టిపడుతుంది కాబట్టి మత్తు దిగగానే తినవచ్చు. సిమెంటు పెట్టించుకుంటే మాత్రం ఒక రోజు ఆ వైపు గట్టివి నమలకండి. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా కొంచెం జివ్వుమనవచ్చు, క్రమంగా తగ్గుతుంది. పళ్ళు కలిపినప్పుడు ఆ ఒక్కటే ముందు తగులుతున్నట్టుంటే, అలవాటవుతుందిలే అని ఊరుకోకుండా తిరిగి వెళ్ళండి. అయిదు నిమిషాల్లో అరగదీసి సరిచేస్తారు, ఊరుకుంటే పన్ను నొప్పెడుతుంది. జాగ్రత్తగా చేసిన తెల్ల ఫిల్లింగ్ సుమారు ఏడు నుంచి పదేళ్ళు నిలుస్తుందని చెప్పుకోవచ్చు. చెక్కవక్కలు కొరకడం, చెరకు పంటితో చీల్చడం, సీసా మూతలు తీయడం దానికి శత్రువులు.

పాప పాలపన్ను విషయంలో మీ అత్తగారి మాట సగమే నిజం. ముందరి పాలపళ్ళు ఆరేడు ఏళ్ళకే ఊడతాయి, వాటికైతే ఆ మాట చాలావరకు చెల్లుతుంది. వెనక దవడ పాలపళ్ళు మాత్రం పదీ పన్నెండేళ్ళ దాకా ఉండవలసినవి. ఏడేళ్ళ పిల్ల మరో మూడు నాలుగేళ్ళు ఆ పంటితోనే నమలాలి. పైగా అది కింద పెరుగుతున్న శాశ్వత పంటికి చోటు కాపాడుతూ ఉంటుంది. ముందే తీసేస్తే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, వచ్చే పంటికి దారి లేకుండా చేస్తాయి, తరువాత క్లిప్పులు వేయించవలసిన అవసరం పెరుగుతుంది. చీము పడితే పిల్లకు నొప్పి, జ్వరం, బడి మానడం ఉండనే ఉన్నాయి. కాబట్టి నల్లబడినది వెనకదైతే చూపించండి. చిన్న పుచ్చయితే ఆ గ్లాస్ అయనోమర్ సిమెంటే సరిపోతుంది. మీ పంటికి నేను వద్దన్న వస్తువు పాప పంటికి ఎంతో ఉపయుక్తం. పెద్దదైతే స్టీలు క్యాప్ వేస్తారు. పిల్ల బెదిరిపోయి డ్రిల్లు పెట్టనివ్వకపోతే, సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే మందు పూసి పుచ్చును ఆపే పద్ధతి కూడా ఉంది. పుచ్చిన చోటు శాశ్వతంగా నల్లబడుతుందని ముందే చెప్పి మరీ పూస్తారు. పాపను తీసుకువెళ్ళినప్పుడు అన్నిటికన్నా వెనక కొత్తగా వచ్చిన దవడ పన్ను కూడా చూడమనండి. ఆరో ఏట ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి, దాన్నీ పాలపన్నే అనుకుని తల్లిదండ్రులు వదిలేస్తుంటారు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. దాని గాడులు పుచ్చకముందే వాటిని మూసే సీలెంట్ అనే పూత పూయించడానికి ఇదే సరైన వయసు.

లవంగ నూనె నొప్పిని తాత్కాలికంగా మొద్దుబరుస్తుంది. అందులోని యూజినాల్‌ను మేము కూడా తాత్కాలిక ఫిల్లింగ్‌లలో వాడతాం, పంటి డాక్టరు గదిలో వచ్చే ఆ వాసన దానిదే. కాని నేరుగా ఎక్కువగా అద్దితే చిగురూ బుగ్గా కాలి పొక్కుతాయి, పుచ్చు మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. మీకు వర్తించే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. యూజినాల్ తగిలిన చోట తెల్ల ఫిల్లింగ్ సరిగ్గా గట్టిపడదు. అందువల్ల నూనె వాడకం ఈ రోజే ఆపి, వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పండి. అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆ వైపు నమలకుండా, చల్లనివీ తీపివీ మానుకుని, గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలిస్తూ ఉండండి. ఈలోగా రాత్రిపూట పోటు మొదలైనా, దవడ వాచినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం చూడకుండా ఆ రోజే వెళ్ళండి.